విస్కీ మీది ఇష్టం వృత్తిగా మారాలంటే

విస్కీ తయారుచేసే సంస్థలో, వేర్వేరు పీపాల విస్కీలను పరీక్షించి కలిపే బ్లెండింగ్ గదిలోకి ఉదయం పదిన్నర ప్రాంతంలో అడుగుపెట్టిన కొత్తవారిని ముందుగా ఆశ్చర్యపరిచేది అక్కడ ఎవరూ తాగకపోవడం. బల్లమీద మూతి దగ్గర సన్నబడే చిన్న గ్లాసులు వరుసగా ఉంటాయి, ఒక్కొక్కదానిమీద గుండ్రని గాజు మూత ఉంటుంది, లోపలి విస్కీని నీటితో 20 శాతం ఆల్కహాలు దాకా పలుచన చేసి ఉంచుతారు. పరీక్షించేవారు మూత తీసి వాసన చూస్తారు, నోటు పుస్తకంలో రెండు మూడు మాటలు రాసుకుంటారు, మూత పెట్టి పక్క గ్లాసు దగ్గరికి వెళతారు. రుచి చూడక తప్పని నమూనా ఏదైనా ఉంటే నోట్లో తిప్పి ఉమ్మివేస్తారు. ఆ గదిలో పనిచేసేది ముక్కు, జ్ఞాపకశక్తి, రాత. విస్కీని బతుకుతెరువుగా చేసుకోవాలనుకునేవారు ఈ దృశ్యాన్ని మొదటే మనసులో నిలుపుకోవాలని నా కోరిక. ఎందుకంటే ఈ రంగంలోకి ఉత్సాహంతో వచ్చి నిరాశపడినవారిలో ఎక్కువమంది దీన్ని తాగే ఉద్యోగంగా ఊహించుకున్నవారే.

కాబట్టి తొలి పని మీ ఇష్టాన్ని మీరే పరీక్షించుకోవడం. కొందరికి విస్కీ అంటే ఇష్టం. మరికొందరికి విస్కీ వెంట వచ్చే సాయంకాలపు స్నేహం, ఆ తేలికదనం ఇష్టం. రెండూ మనుషులకు సహజమైనవే గాని, వృత్తికి పనికివచ్చేది మొదటిది మాత్రమే. ఒక నెల రోజులు చుక్క కూడా ముట్టకుండా, రోజూ అరగంట విస్కీ గురించి చదివి, వంటింట్లోని దినుసుల వాసన పట్టి, గుర్తుపెట్టుకోగలరేమో చూడండి. ఆ నెల మీకు భారంగా గడిస్తే ఆ విషయాన్ని నిజాయితీగా అంగీకరించి మరో దారి చూసుకోవడం మంచిది. మద్యానికి పూర్తిగా సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. ఈ వృత్తిలో ఉండేవారు ఆ మాటను ఇతరులకంటే ఎక్కువగా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే వారి చేతికందే దూరంలో సీసా ఎప్పుడూ ఉంటుంది. కుటుంబంలో వ్యసనం చరిత్ర ఉన్నవారిని నేను ఈ దారికి ప్రోత్సహించను.

ఇంట్లోవారి భయాన్ని కూడా తేలికగా తీసుకోకూడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు వ్యతిరేకంగా మహిళలు లేచి నిలబడిన ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. ఆ నిషేధాన్ని 1997లో సడలించినా, ఆ ఉద్యమం వెనక ఉన్న బాధ మన ఇళ్ళలో ఇప్పటికీ సజీవంగానే ఉంది. కూతురో కొడుకో విస్కీ పరిశ్రమలో చేరతానంటే తల్లి ఎందుకు కలవరపడుతుందో అర్థం చేసుకోవడానికి వేరే కారణాలు వెతకనక్కరలేదు. ఆమెతో వాదించడంకంటే, మీరు చదవబోయే చదువు, చేయబోయే పని, ఆ పనిలో పాటించే నియమాలు వివరంగా చెప్పడం మేలు. ఉత్పత్తి విభాగంలో పని అంటే ఆహార సాంకేతికతకు సంబంధించిన ఉద్యోగమని తెలిసినప్పుడు చాలామంది పెద్దలు నెమ్మదిస్తారు.

ముక్కుకు మాటలు నేర్పడం

విస్కీ వాసనలో వందల రసాయనాలు ఉంటాయి. వాటిలో చాలా వాటిని మీ ముక్కు ఇప్పటికే గుర్తుపడుతుంది గాని పేరు చెప్పలేదు. శిక్షణ అంటే వాసనకు, మాటకు మధ్య ఉన్న ఆ దూరాన్ని తగ్గించడమే. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో విదేశీ వర్ణనలను బట్టీపట్టి అప్పజెప్పేవాణ్ణి. స్కాట్లండు కొండలమీద పూసే హెదర్ పువ్వును జన్మలో వాసన చూడకుండానే ఒక విస్కీలో హెదర్ ఉందని రాసేవాణ్ణి. ఒక ఇంటర్వ్యూలో పెద్దాయన గ్లాసు నా ముందుకు జరిపి, "మీ ఇంట్లో ఏ వస్తువుకు ఈ వాసన ఉంటుందో చెప్పండి" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు, ఆ ఉద్యోగమూ రాలేదు. ఆ రోజు నుంచి నా నోటు పుస్తకాన్ని మన వంటింటి మాటలతోనే నింపడం మొదలుపెట్టాను, అసలు నేర్చుకోవడం అక్కడినుంచే మొదలైంది.

మన వంటిల్లు ఈ శిక్షణకు ఎంత సంపన్నమైనదో చెప్పాలంటే ఒక్కొక్క వాసనకు వెనక ఉన్న కారణాన్ని చెప్పాలి. పులియబెట్టే దశలో ఈస్ట్ తయారుచేసే ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్ వల్ల బాగా మగ్గిన అరటిపండు వాసన వస్తుంది. ఒక మాగిన చక్కెరకేళి పండును, బట్టీ నుంచి అప్పుడే దిగిన కొత్త స్పిరిట్ ఉన్న గ్లాసును పక్కపక్కన పెట్టుకుని మార్చిమార్చి వాసన చూస్తే అది జీవితాంతం గుర్తుంటుంది. ఓక్ చెక్కలోని లాక్టోన్ల వల్ల ఎండుకొబ్బరి వాసన వస్తుంది. అదే చెక్కలోని లిగ్నిన్ వేడికి విడిపోయినప్పుడు వెనిల్లా వాసన పుడుతుంది. లవంగానికి ఆ ఘాటు ఇచ్చే యూజినాల్ ఓక్ నుంచి విస్కీలోకి కూడా దిగుతుంది. బార్లీని పీట్ అనే బురదనేల ఇంధనపు పొగలో ఆరబెడితే గయకాల్ వంటి ఫినాల్స్ గింజకు పట్టుకుంటాయి; కాల్చిన తేగల పొట్టు, కట్టెలపొయ్యి మీద పొంగి మాడిన గంజి, అయోడిన్ పూసిన గాయం, ఈ మూడింటి మధ్య ఎక్కడో ఆ వాసన ఉంటుంది. డైఎసిటైల్ ఉంటే వెన్న కాచేటప్పటి వాసన, ఇథైల్ ఎసిటేట్ ఎక్కువైతే గోళ్ళరంగు తుడిచే ద్రవం వాసన వస్తాయి. షెర్రీ అనే స్పెయిన్ వైన్ పట్టిన పీపాలో పండిన విస్కీలో ఎండు ఖర్జూరం, నల్ల కిస్‌మిస్, మామిడి తాండ్ర, ఒక్కోసారి ముదురు తాటిబెల్లం పాకం కనిపిస్తాయి.

రోజూ ఉదయం కడుపు నిండకముందు, కాఫీ తాగకముందు, అత్తరు పూసుకోకముందు ఆరు చిన్న సీసాలలో ఆరు దినుసులు వేసి, కళ్ళు మూసుకుని, మరొకరిచేత అందించుకుని గుర్తుపట్టే ప్రయత్నం చేయండి. జీలకర్ర, సోంపు, యాలకులు, దాల్చినచెక్క, వేయించిన శనగపప్పు, ఎండుద్రాక్షలతో మొదలుపెట్టి, నెమ్మదిగా దగ్గరగా ఉండే జంటల వైపు వెళ్ళాలి: చెరకు బెల్లం, తాటిబెల్లం; నిమ్మతొక్క, నారింజతొక్క; పచ్చికొబ్బరి, ఎండుకొబ్బరి. మూడు నెలలకు మీకే తేడా తెలుస్తుంది. తర్వాత విస్కీ దగ్గరికి వచ్చినప్పుడు ఒక్కొక్కదానికి ఒకే పేజీ ఇచ్చి, తేదీ, పేరు, ఆల్కహాలు శాతం, పీపా రకం, నీళ్ళు కలపకముందు వాసన, నాలుగు చుక్కలు కలిపాక వాసన, నోటిలో తొలి రుచి, చివర మిగిలే రుచి రాయాలి. అదే విస్కీని రెండు వారాల తర్వాత పాత పేజీ చూడకుండా మళ్ళీ రాసి రెండింటినీ పోల్చాలి. రెండు పేజీలు ఎంత దగ్గరగా ఉంటే మీ ముక్కు అంత నమ్మదగినదవుతుంది, బ్లెండింగ్ గదిలో అడిగేదీ ఈ నిలకడనే. "స్మూత్‌గా ఉంది" అన్న మాటను మాత్రం మీ పుస్తకంలోకి రానివ్వకండి. ఆ మాట వల్ల విన్నవారికి విస్కీ గురించి ఏమీ తెలియదు.

నోటు పుస్తకం విలువ ఎంతటిదో జపాన్ విస్కీ చరిత్ర చెబుతుంది. హిరోషిమా ప్రాంతంలో సాకే అనే బియ్యపు మద్యం తయారుచేసే కుటుంబంలో పుట్టిన మసతకా తకెత్సురు 1918లో స్కాట్లండుకు వెళ్ళి, గ్లాస్గోలో రసాయనశాస్త్రం చదివి, లాంగ్‌మార్న్‌లోను, తర్వాత కాంబెల్‌టౌన్‌లోని హేజల్‌బర్న్‌లోను పని నేర్చుకున్నారు. అక్కడ బట్టీల కొలతలు, పనివారి పద్ధతులు, చేతికి తెలిసే మెళకువలు అన్నీ నోటు పుస్తకాలలో రాసుకుని 1920లో స్వదేశానికి తిరిగి వెళ్ళారు. వ్యాపారి షింజిరో తొరీ 1923లో ప్రారంభించిన యమజాకి డిస్టిలరీ నిర్మాణానికి ఆ రాతలే ఆధారమయ్యాయి. 1934లో తకెత్సురు హొక్కాయిడోలోని యోయిచిలో సొంత సంస్థ పెట్టుకున్నారు. విస్కీ మీది అభిమానం వృత్తిగా మారిన కథలు ఎన్ని విన్నా నేను మళ్ళీమళ్ళీ ఈ కథ దగ్గరికే వస్తాను.

పీపాలో జరిగేది తెలియకుండా ముందుకు పోలేరు

ఏ విభాగంలో చేరినా తయారీ గొలుసు మొత్తం కంఠతా రావాలి. బార్లీని నానబెట్టి మొలకెత్తించి ఆరబెట్టడం, పిండి పట్టి వేడినీటిలో చక్కెరలు రాబట్టడం, ఈస్ట్‌తో పులియబెట్టడం, రాగి బట్టీలో రెండుసార్లు మరిగించడం, పీపాకెత్తడం, ఈ క్రమం పుస్తకాలన్నిటిలో ఉంటుంది. వాటిని చదివేటప్పుడు "ఎందుకు" అని అడుగుతూ చదవాలి. బట్టీ రాగిదే ఎందుకంటే, ఆవిరిలోని గంధకపు సమ్మేళనాలను రాగి పట్టుకుని, కుళ్ళిన గుడ్డువంటి వాసనను తగ్గిస్తుంది. బట్టీ నుంచి మొదట వచ్చేదాన్ని, చివర వచ్చేదాన్ని పక్కకు తీసి మధ్య భాగాన్నే ఎందుకు ఉంచుకుంటారంటే, మొదటి భాగంలో ఘాటైన తేలిక రసాయనాలు, చివరి భాగంలో బరువైన తడి వాసనలు ఉంటాయి. ఆ మధ్య భాగాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలన్న నిర్ణయమే ఒక డిస్టిలరీ స్వభావాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది.

భారతీయ విస్కీలో పనిచేయాలనుకునేవారు అన్నిటికంటే లోతుగా చదవవలసింది వేడి దేశంలో పీపా ప్రవర్తన. స్కాట్లండు చట్టం ప్రకారం స్కాచ్ విస్కీ 700 లీటర్లకు మించని ఓక్ పీపాలలో కనీసం మూడేళ్ళు అక్కడే పండాలి, 40 శాతం ఆల్కహాలుకు తగ్గకుండా సీసాకెక్కాలి. ఆ చలిదేశంలో పీపానుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది, దాన్నే దేవదూతల వాటా అంటారు. బెంగళూరులో ఆ వాటా 10 నుంచి 12 శాతం దాకా ఉంటుంది. ఒక చిన్న లెక్క వేసుకుంటే దీని తీవ్రత అర్థమవుతుంది: 200 లీటర్ల పీపాలో ఏటా 2 శాతం పోతే అయిదేళ్ళకు దాదాపు 180 లీటర్లు మిగులుతాయి; 11 శాతం పోతే 112 లీటర్లకు మించవు; పన్నెండేళ్ళు ఉంచితే 50 లీటర్లు కూడా మిగలవు. అందుకే, ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీతోనే చేసే మన దేశపు సింగిల్ మాల్ట్‌లు సాధారణంగా చిన్న వయసులోనే సీసాకెక్కుతాయి, చాలా సీసాలమీద వయసే ఉండదు. వేడిలో చెక్క త్వరగా తన గుణాన్ని దించుతుంది గనుక రంగు, తీపి త్వరగా వస్తాయి. దాంతోపాటు చెక్క చేదు ఎక్కిపోయే ప్రమాదమూ త్వరగానే వస్తుంది. ఏ పీపాను ఏ నెలలో దించాలో తెలిసినవారికి ఈ దేశంలో ఉన్న విలువ అక్కడినుంచే వచ్చింది.

పీపాలు ఎక్కడినుంచి వస్తాయన్నది కూడా తెలుసుకోదగినది. అమెరికా విస్కీ అయిన బోర్బన్‌లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, దాన్ని లోపలివైపు కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే ఉంచాలి. ఒకసారి వాడిన పీపా బోర్బన్‌కు మళ్ళీ పనికిరాదు కాబట్టి అవి లక్షలుగా స్కాట్లండుకు, మన దేశానికి చేరుతున్నాయి. ఒక దేశపు చట్టంలోని ఒక్క వాక్యం మరో ఖండపు రుచిని నిర్ణయించడం ఈ రంగంలో నాకు అత్యంత ఇష్టమైన విషయాలలో ఒకటి.

మరో వాస్తవాన్ని దాచడం న్యాయం కాదు. పరిమాణంరీత్యా ప్రపంచంలో విస్కీ అత్యధికంగా అమ్ముడయ్యే దేశం మనదే అయినా, అందులో అత్యధిక భాగం చక్కెర తయారీలో మిగిలే మడ్డి అయిన మొలాసిస్ నుంచో ధాన్యం నుంచో తీసిన, సొంత రుచి దాదాపు లేని తటస్థ స్పిరిట్‌తో తయారైనది. మొలాసిస్‌తో చేసినదాన్ని యూరపులో విస్కీ అన్న పేరుతో అమ్మనివ్వరు. సింగిల్ మాల్ట్ అన్న కలతో వచ్చేవారికి మొదటి ఉద్యోగం ఇలాంటి బ్లెండెడ్ విస్కీ తయారయ్యే యూనిట్‌లోనే దొరికే అవకాశం ఎక్కువ. దాన్ని చిన్నచూపు చూడకండి. లక్షల పెట్టెలలో ఒకే రుచిని నెల తర్వాత నెల నిలబెట్టడం చాలా కఠినమైన విద్య, ఆ క్రమశిక్షణ ఉన్నవారిని మాల్ట్ సంస్థలు గుర్తిస్తాయి.

ఏ ద్వారంలోంచి వెళ్ళాలి

ఉత్పత్తి, నాణ్యత విభాగాలకు విజ్ఞానశాస్త్రం దారి. కెమికల్ ఇంజనీరింగ్, బయోటెక్నాలజీ, ఆహార సాంకేతికత, రసాయనశాస్త్రం లేదా సూక్ష్మజీవశాస్త్రం చదివినవారికి ఇక్కడ చోటు ఉంటుంది. కాన్పూరులోని జాతీయ చక్కెర సంస్థ పారిశ్రామిక కిణ్వనం, ఆల్కహాలు సాంకేతికతలో పోస్ట్ గ్రాడ్యుయేట్ డిప్లొమా నడుపుతోంది. పుణె దగ్గరి వసంతదాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ ఈ రంగంలో శిక్షణ ఉంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ అయిన సీఎఫ్‌టీఆర్‌ఐలో ఆహార సాంకేతికతలో ఎమ్మెస్సీ చేసినవారికి ఇంద్రియ పరీక్షల పద్ధతులమీద మంచి పునాది ఏర్పడుతుంది. డబ్బు, సమయం ఉన్నవారికి ఎడిన్‌బరోలోని హెరియట్ వాట్ విశ్వవిద్యాలయం బ్రూయింగ్, డిస్టిలింగ్‌లో ఇచ్చే డిగ్రీలు ప్రపంచమంతటా చెల్లుతాయి. ఉద్యోగం చేస్తూ చదవాలనుకుంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రూయింగ్ అండ్ డిస్టిలింగ్ వారి పరీక్షలు ఉన్నాయి. జనరల్ సర్టిఫికెట్‌తో మొదలై, డిప్లొమా మీదుగా, మాస్టర్ డిస్టిలర్ దాకా అవి మెట్లుమెట్లుగా సాగుతాయి. నా అభిప్రాయంలో, ఇరవై రెండేళ్ళ బీటెక్ పట్టభద్రుడు ముందుగా ఏదైనా డిస్టిలరీ ప్రయోగశాలలో రెండేళ్ళు పనిచేసి, ఆ తర్వాతే విదేశీ డిగ్రీ గురించి ఆలోచించడం మంచిది. షిఫ్టు డ్యూటీలు, పిండి దుమ్ము, బట్టీ వేడి, ఎక్సైజ్ రిజిస్టర్లు చూసిన తర్వాత కూడా ఇష్టం నిలిస్తే అప్పుడు అప్పు చేయడానికి అర్థం ఉంటుంది.

బ్లెండర్ కావడానికి నేరుగా తలుపు ఉండదు. జానీ వాకర్ చరిత్రలో తొలి మహిళా మాస్టర్ బ్లెండర్ ఎమ్మా వాకర్ రసాయనశాస్త్రంలో డాక్టరేట్ చేసి పరిశ్రమలోకి వచ్చారు. స్కాట్లండులోని ఐలా దీవికి చెందిన జిమ్ మెకెవన్ 1963లో బోమోర్ డిస్టిలరీలో పీపాలు బిగించే పని నేర్చుకునే కుర్రవాడిగా చేరి, ఆ తర్వాత ఆ పరిశ్రమలో అత్యంత గౌరవం పొందినవారిలో ఒకరయ్యారు. ఒకరు ప్రయోగశాల నుంచి, మరొకరు వడ్రంగి కొట్టు నుంచి వచ్చారు. ఇద్దరికీ ఏళ్ళ తరబడి నమూనాలు చూడటం తప్పలేదు.

విజ్ఞానశాస్త్రం చదవనివారికి హోటళ్ళు, బార్లు మంచి ప్రవేశం. హైదరాబాద్, తిరుపతిలోని హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థల నుంచి వచ్చినవారు పెద్ద హోటళ్ళలో పానీయాల విభాగంలో చేరి, రెండు మూడేళ్ళలో విస్కీ జాబితా తయారుచేసే స్థాయికి చేరుతున్నారు. ఇక్కడ ఉపయోగపడే ధ్రువపత్రం లండన్‌లో 1969లో మొదలైన వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్ (డబ్ల్యుఎస్ఈటీ) వారిది. స్పిరిట్స్‌లో దానికి మూడు స్థాయిలు ఉన్నాయి, మూడవ స్థాయిలో పేరు చెప్పకుండా ఇచ్చిన గ్లాసులను వర్ణించే పరీక్ష ఉంటుంది. మన దేశపు పెద్ద నగరాలలో దాని అనుమతి పొందిన శిక్షణసంస్థలున్నాయి. విస్కీకే పరిమితమై చదవాలంటే ఎడిన్‌బరో విస్కీ అకాడమీ కోర్సులు ఉన్నాయి. పత్రం వల్ల ఉద్యోగం వస్తుందని అనుకోకూడదు. అది మీ దరఖాస్తును చదివిస్తుంది, తర్వాతి మాటంతా మీ గ్లాసు ముందు మీరు చెప్పే మాటలదే.

బ్రాండ్ అంబాసిడర్ ఉద్యోగం బయటకు కనిపించినంత వెలుగైనది కాదు గాని, మాటకారితనం, పరిజ్ఞానం రెండూ ఉన్నవారికి అదృష్టం వంటిది. వారంలో నాలుగు సాయంత్రాలు బార్ సిబ్బందికి, అతిథులకు విస్కీని పరిచయం చేయాలి, పగలు అమ్మకాల లెక్కలు చూడాలి, ఊళ్ళు తిరగాలి. అన్నిటికంటే ముఖ్యంగా, రోజూ సీసాల మధ్య ఉండి తాగకుండా ఉండగలగాలి. హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాలలో తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింటిలో విస్కీ గురించి అలవోకగా మాట్లాడగలిగేవారికి ప్రత్యేకమైన అనుకూలత ఉంది. మన దేశంలో మద్యం గురించి టెలివిజన్‌లో ప్రకటనలు ఇవ్వడం నిషిద్ధం కావడంవల్ల, సంస్థలు మనుషుల ద్వారా, రుచి కార్యక్రమాల ద్వారా పరిచయం చేయించడానికే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాయి. ఈ ఉద్యోగం పుట్టిందే ఆ కారణంగా అనవచ్చు. రచన విషయానికి వస్తే, విస్కీ గురించి రాయడం ఒక్కటే ఆధారంగా బతికేవారు ప్రపంచంలోనే తక్కువ; దాన్ని మరో ఉద్యోగానికి తోడుగా పెట్టుకోవాలి.

వ్యాపార దృష్టి ఉన్నవారికి అమృత్ కథ పాఠ్యపుస్తకం వంటిది. 1948లో బెంగళూరులో రాధాకృష్ణ జగ్దాలే స్థాపించిన ఈ సంస్థ దశాబ్దాల పాటు మామూలు మద్యాలే చేసింది. తర్వాతి తరం నీలకంఠరావు జగ్దాలే మాల్ట్‌ను విడిగా అమ్మాలని తలపెట్టినప్పుడు, ఇంగ్లండులో చదువుతున్న ఆయన కుమారుడు రక్షిత్ స్కాట్లండు బార్లలో పేరు చెప్పకుండా దాన్ని రుచి చూపించి అభిప్రాయాలు సేకరించారు. 2004 ఆగస్టులో అమృత్ సింగిల్ మాల్ట్ గ్లాస్గోలో విడుదలైంది. సొంత ఊరైన బెంగళూరులో అమ్మకానికి వచ్చేసరికి 2010 అయింది. బ్రిటిష్ విమర్శకుడు జిమ్ మర్రే తన వార్షిక గ్రంథం 'విస్కీ బైబిల్' ఆ ఏడాది సంచికలో అమృత్ ఫ్యూజన్‌కు 97 మార్కులు ఇచ్చి ప్రపంచంలో మూడవ స్థానంలో నిలిపారు. గోవానుంచి పాల్ జాన్, ఉత్తరప్రదేశ్ నుంచి రాంపూర్, హర్యానా నుంచి ఇంద్రి ఆ తర్వాత వచ్చాయి. ఇరవై ఏళ్ళ క్రితం లేని ఉద్యోగాలు ఈ రోజు ఉన్నాయంటే ఆ ఓపిక పునాదిగా ఉంది.

చట్టం, డబ్బు

మద్యం మన రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల పరిధిలోని విషయం. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను టోకు వ్యాపారం ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ల చేతిలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చిల్లర దుకాణాలు 2019 తర్వాత కొన్నేళ్ళు ప్రభుత్వమే నడిపి, 2024 అక్టోబరులో తిరిగి ప్రైవేటుకు అప్పగించింది. అంటే ఒక్క ప్రభుత్వ నిర్ణయంతో అమ్మకాల ఉద్యోగాలు మారిపోగలవు. బీహారులో 2016 నుంచి పూర్తి నిషేధం ఉంది. కాబట్టి అమ్మకాల విభాగంలో చేరేవారు ఎక్సైజ్ విధానాన్ని ఏటా శ్రద్ధగా చదవాలి. లేబుల్ నమోదు, రవాణా పర్మిట్లు, సుంకాల లెక్క తెలిసిన మనిషికి ఈ పరిశ్రమలో పని దొరకకపోవడం నేను చూడలేదు. విస్కీ మీద ప్రేమతో వచ్చినవారు సాధారణంగా ఈ విభాగాన్ని పట్టించుకోరు; వాణిజ్యశాస్త్రమో న్యాయశాస్త్రమో చదివినవారు తప్పకుండా పట్టించుకోవాలి.

ఇంట్లో బట్టీ పెట్టి ప్రయోగాలు చేయాలన్న ఆలోచన వస్తే అక్కడే ఆపండి. అనుమతి లేకుండా మద్యం కాయడం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ నేరం. మండే ఆవిరితో ప్రాణాపాయం, ఒక్క కేసుతో ఈ పరిశ్రమలో భవిష్యత్తు ముగిసిపోవడం, రెండూ నిజమైన ప్రమాదాలే. చేత్తో చేయాలన్న తపన ఉంటే బ్రెడ్డు పులియబెట్టండి, మాల్ట్ గింజను నమిలి చూడండి, డిస్టిలరీ సందర్శనకు వెళ్ళండి. గోవాలో పాల్ జాన్ వారి సందర్శకుల కేంద్రం ఉంది. బట్టీ పక్కన నిలబడి ఆ వేడిని అనుభవించడం ఎన్ని పుస్తకాలకైనా సమానం.

పీపాలలో పెట్టుబడి పెట్టి లాభాలు గడించవచ్చని చెప్పేవారి విషయంలో గట్టి జాగ్రత్త అవసరం. ఒకే పీపాను పలువురికి అమ్మిన మోసాలు బ్రిటన్‌లో బయటపడ్డాయి. స్కాచ్ పీపా స్కాట్లండులోని సుంకపు పర్యవేక్షణ ఉన్న గిడ్డంగిలోనే ఉండాలి, యాజమాన్యం మారినట్టు ఆ గిడ్డంగి రికార్డుల్లో ఎక్కాలి. అమ్మినవారు ఇచ్చే రంగుల ధ్రువపత్రానికి చట్టపరమైన విలువ లేదు. మీ తొలి పొదుపు కోర్సుల రుసుముకు, నమూనా సీసాలకు ఖర్చు చేయండి. పూర్తి సీసాలు కొనడం కూడా అనవసరం: నలుగురు కలిసి ఒక సీసాను 30 మిల్లీలీటర్ల నమూనాలుగా పంచుకుంటే అదే డబ్బుతో ఎన్నో రకాలు చదవవచ్చు.

రాబోయే రోజుల గురించి ఒక మాట. 2025 జులైలో సంతకమైన భారత, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం ప్రకారం స్కాచ్ మీది 150 శాతం దిగుమతి సుంకం మొదట 75కు, పదేళ్ళలో 40 శాతానికి తగ్గాలి. సుంకం తగ్గితే దిగుమతి సంస్థలలో శిక్షకులు, అమ్మకందారుల అవసరం పెరుగుతుందని నా అంచనా. మన మాల్ట్ సంస్థలకు పోటీ కూడా అంతే పెరుగుతుంది.

అమెరికాలో ఉన్న తెలుగువారికి దారి కొంత వేరు. 1933లో అక్కడ మద్యనిషేధం ఎత్తివేసిన తర్వాత తయారీదారు, పంపిణీదారు, దుకాణదారు అనే మూడంచెల ఏర్పాటు వచ్చింది. పంపిణీ సంస్థలు ఆ దేశంలో పెద్ద ఉద్యోగదాతలు. కెంటకీ విశ్వవిద్యాలయంలోని జేమ్స్ బి. బీమ్ ఇన్‌స్టిట్యూట్, లూయివిల్‌లోని మూన్‌షైన్ యూనివర్సిటీ తయారీలో శిక్షణ ఇస్తాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉంటూ ఈ వైపు రావాలనుకునేవారు వీసా నిబంధనలను న్యాయవాదితో సరిచూసుకున్నాకే అడుగు వేయాలి. కొన్ని వీసాల మీద సాయంత్రపు చిన్న సంపాదన కూడా ఇబ్బందికి దారితీస్తుంది.

మొదటి ఏడాది

ఉద్యోగం మానకుండా మొదటి ఏడాది గడపండి. తొలి మూడు నెలలు ముక్కుకు శిక్షణ, తయారీ గురించిన చదువు. తర్వాతి మూడు నెలలు వారానికి రెండు విస్కీల చొప్పున, ఒక్కొక్కటి 15 మిల్లీలీటర్లకు మించకుండా, ఒకే అంశంమీద పోల్చి రాయడం: ఒక వారం పీపా తేడా, మరో వారం పొగ తేడా, మరో వారం వేడి దేశానికి, చలి దేశానికి ఉన్న తేడా. ఆరవ నెలలో ఏ ద్వారమో నిర్ణయించుకుని దానికి తగిన ఒక పరీక్ష మాత్రమే రాయండి, పత్రాలు పోగేసుకోకండి. ఆ తర్వాత డిస్టిలరీకి, హోటల్‌కు, దిగుమతి సంస్థకు స్వయంగా ఉత్తరాలు రాయడం మొదలుపెట్టండి. ఉత్తరంలో విస్కీ అంటే ప్రాణమని రాయనక్కరలేదు, ఆ మాట వారికి రోజూ వస్తుంది. వారి విస్కీనే తీసుకుని, రెండు వేర్వేరు బ్యాచ్‌ల మధ్య మీరు గమనించిన తేడాను నాలుగు వాక్యాలలో రాసి, అందుకు కారణం ఏమై ఉండవచ్చో ఒక వాక్యంలో ఊహించండి. మీ ఊహ తప్పే కావచ్చు. కాని ఆ నాలుగు వాక్యాలు చదివినవారు మిమ్మల్ని పిలిచి, ఆ ఊహ ఎక్కడ తప్పిందో చెప్పాలనుకుంటారు. పిలిస్తే వెళ్ళేటప్పుడు అత్తరు పూసుకోకుండా, ఉదయం నుంచి మసాలా తినకుండా, ఏడాదిగా రాసిన నోటు పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని వెళ్ళండి.